స్లీవా, బైపాసా? మీ మందుల చీటీ ముందు పెట్టుకుని తేల్చుకోండి

బరువు తగ్గించే ఆపరేషన్ జరిగి ఐదు వారాలైంది. మా అక్క గాయాలు మానాయి, బరువు తగ్గడం మొదలైంది, చూడటానికి వచ్చినవాళ్లంతా మెచ్చుకుని వెళుతున్నారు. తను మాత్రం గోడవైపు తిరిగి పడుకుంటోంది. పిలిస్తే పలకదు, పలికితే ఏడుస్తుంది. కుంగుబాటుకు ఎనిమిదేళ్లుగా సెర్ట్రలిన్ వాడుతోంది, ఒక్క పూట కూడా మానలేదు. పెద్ద ఆపరేషన్ కదా, నీరసం ఉంటుందిలే అన్నారు అందరూ. నేనూ అదే అన్నాను. మింగుతున్న మాత్ర మునుపటిలా ఒంటబట్టడం లేదేమో అన్న అనుమానం ఎవరికీ రాలేదు.

అక్కకు చేసింది గ్యాస్ట్రిక్ బైపాస్, అంటే పొట్టను చిన్న సంచిగా చేసి, పేగులో కొంత భాగాన్ని దాటించే ఆపరేషన్. ఇంటికి పంపేటప్పుడు ఇచ్చిన కాగితంలో మందులూ పాతవే, మోతాదులూ పాతవే. చివరికి ఆమె మానసిక వైద్యురాలు ఆపరేషన్ సంగతి విని ఉలిక్కిపడ్డారు. బైపాస్ అయినవాళ్ల రక్తంలోకి సెర్ట్రలిన్ బాగా తక్కువగా చేరిన దాఖలాలున్నాయని చెప్పి, మోతాదు సర్ది, రెండు వారాలకోసారి చూడటం మొదలుపెట్టారు. అక్క మెల్లగా తేరుకుంది. ఆ ఐదు వారాలు నా మనసులోంచి పోలేదు.

బరువు తగ్గించే శస్త్రచికిత్సకు సిద్ధపడేవాళ్లు ఎంత బరువు తగ్గుతాం, ఎంత ప్రమాదం, ఎన్నాళ్లు విశ్రాంతి అని అడుగుతారు. రోజూ మందులు మింగేవాళ్లు ఇంకో ప్రశ్న కూడా అడగాలి. ఈ ఆపరేషన్ తర్వాత నా మందులు నాకు ఎలా ఒంటబడతాయి? ఏ ఆపరేషన్ అన్నది ఖరారు కాకముందే ఇది అడగాలి. ఎందుకంటే జవాబు ఆపరేషన్‌ను బట్టి మారుతుంది.

మాత్రకు కడుపులో ఏమవుతుంది

రెండు గాజు గ్లాసుల్లో నీళ్లు పోసి, ఒకదాంట్లో మామూలు పారాసెటమాల్ మాత్ర, రెండోదాంట్లో మధుమేహానికి వాడే, రోజంతా నెమ్మదిగా విడుదలయ్యే రకం మెట్‌ఫార్మిన్ మాత్ర వేసి చూడండి. మొదటిది కాసేపట్లోనే అంచులు విడిపోయి, పిండిలా గ్లాసు అడుగుకు చేరుతుంది. రెండోదాని పైపొర ఉబ్బి, జిగురుగా మారి, గంట గడిచినా ముద్దగానే ఉంటుంది. ఈ ఒక్క తేడా గుర్తుంటే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది.

మామూలు పొట్టలో లీటరుకు పైగా పడుతుంది. పరగడుపున అక్కడ పీహెచ్ 1 నుంచి 3 మధ్య ఉండే గాఢమైన ఆమ్లం ఉంటుంది. పొట్ట కండరాలు మాత్రను చిలుకుతాయి, ఆమ్లం కరిగిస్తుంది. ఆ తర్వాత అది చిన్నపేగు మొదటి భాగమైన ఆంత్రమూలంలోకి జారుతుంది. అక్కడ పైత్యరసం, క్లోమరసం కలుస్తాయి, కొవ్వులో కరిగే మందులకు ఆ పైత్యమే ఆధారం. అక్కడి నుంచి మొదలై దాదాపు ఆరు మీటర్ల చిన్నపేగు పొడవునా మందు రక్తంలోకి ఎక్కుతుంది.

ఆపరేషన్ ఈ దారిలో ఎక్కడో ఒకచోట కోత పెడుతుంది. అయితే కోత పడితే మందు తగ్గిపోతుందని మాత్రమే అనుకోకండి. పేగు పైభాగపు గోడల్లో కొన్ని మందులను రక్తంలోకి చేరకముందే విరగ్గొట్టే ఎంజైములు ఎక్కువగా ఉంటాయి. ఆ భాగాన్ని దాటేస్తే కొన్ని మందులు ఎక్కువ మోతాదులో చేరవచ్చు. ఈ ఎంజైములతో పని లేకుండానే పెరిగే మందులూ ఉన్నాయి, మెట్‌ఫార్మిన్ సంగతే చూడండి. బైపాస్ చేయించుకున్నవారిలో అది సుమారు ఒకటిన్నర రెట్లు ఎక్కువగా ఒంటబట్టినట్టు 2011లో వచ్చిన ఒక అధ్యయనం చూపింది. ద్రవరూపంలో ఇచ్చే మార్ఫిన్ బైపాస్ తర్వాత రక్తంలో చాలా త్వరగా, చాలా ఎక్కువ స్థాయికి చేరుతుంది. సెర్ట్రలిన్ పడిపోతుంది. ఒకే ఆపరేషన్ మూడు మందులను మూడు తీరులుగా మారుస్తుంది కాబట్టి, అందరికీ ఒకే లెక్కతో మోతాదు పెంచేయమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి.

ఆపరేషన్లను పక్కపక్కన పెట్టి చూస్తే

స్లీవ్ గ్యాస్ట్రెక్టమీలో పొట్టలో దాదాపు 75 నుంచి 80 శాతం భాగాన్ని నిలువునా కోసి తీసేస్తారు. మిగిలేది అరటిపండు ఆకారంలో సన్నని గొట్టం. పేగును ముట్టుకోరు. ఆమ్లం కొంత తగ్గుతుంది, పొట్ట త్వరగా ఖాళీ అవుతుంది, కానీ మందు పాత దారినే పోతుంది, పైత్యాన్ని పాత చోటే కలుస్తుంది. ఒంటబట్టడం విషయంలో ఇప్పుడు ఎక్కువగా చేస్తున్న ఆపరేషన్లలో అతి తక్కువ తేడా తెచ్చేది ఇదే.

అయితే స్లీవ్‌కు ఒక చిక్కు ఉంది. దీని తర్వాత చాలామందికి పులితేన్పులు, ఛాతీలో మంట మొదలవుతాయి, అంతకుముందే ఉన్నవాళ్లకు ముదురుతాయి. దానికి ఆమ్లం తగ్గించే మాత్రలు నెలల తరబడి వేసుకోవాల్సి వస్తుంది. ఆమ్లం లేకపోతే కరగని మందులు మీ చీటీలో ఉంటే, పేగు చెక్కుచెదరకపోయినా చిక్కు మళ్లీ మొదటికొస్తుంది. ఇంకో సంగతి, తీసేసిన పొట్ట తిరిగి రాదు.

గ్యాస్ట్రిక్ బైపాస్‌లో పొట్ట పైభాగాన కోడిగుడ్డంత సంచి, అంటే సుమారు 30 మిల్లీలీటర్లు పట్టేది, విడిగా చేసి దానికి చిన్నపేగును కింది నుంచి తెచ్చి కలుపుతారు. ఆ సంచిలో ఆమ్లం బాగా తక్కువ, చిలికే శక్తి దాదాపు లేదు. మాత్ర సరిగా విడిపోకముందే పేగులో పడుతుంది. ఆంత్రమూలం, దాని తర్వాతి కొంత పేగు దారిలోనే ఉండవు. పైత్యం ఒక మీటరు దూరం పోయాకగానీ మందును కలవదు. మధుమేహం, తీవ్రమైన ఆమ్ల పైపోటు (పొట్టలోని ఆమ్లం అన్నవాహికలోకి ఎగదన్నడం) ఉన్నవారికి ఈ ఆపరేషన్ మేలు పెద్దది, అందులో సందేహం లేదు. కానీ మందుల లెక్క మొత్తం తిరగరాయాల్సింది కూడా ఇక్కడే.

మినీ బైపాస్ పేరుకే మినీ. పొట్ట సంచి కాస్త పొడుగు, అతుకు ఒక్కటే, కానీ దాటవేసే పేగు తరచూ మామూలు బైపాస్‌కంటే ఎక్కువ, 150 నుంచి 200 సెంటీమీటర్ల దాకా. చిన్న ఆపరేషన్, చిన్న ప్రభావం అని పేరు చూసి మోసపోకండి. మందులు, విటమిన్ల విషయంలో దీన్ని బైపాస్‌తో సమానంగా, కొన్నిసార్లు అంతకంటే జాగ్రత్తగా చూసుకోవాలి.

డుయోడినల్ స్విచ్ అన్నిటికన్నా లోతైనది. పైత్యం, ఆహారం కలిసి ప్రయాణించేది చివరి మీటరు పేగులోనే. కొవ్వు ఒంటబట్టదు, దానితోపాటు కొవ్వులో కరిగే మందులూ, ఎ, డి, ఇ, కె విటమిన్లూ జారిపోతాయి. బరువు బాగా తగ్గుతుంది. కానీ మోతాదు కాస్త అటూ ఇటూ అయితే ప్రాణం మీదికొచ్చే మందు వాడుతున్నవారికి ఇది సూచిస్తే, రెండో అభిప్రాయం తీసుకోకుండా ఒప్పుకోవద్దని నా మాట.

పొట్టకు పట్టీ బిగించే పద్ధతి ఇప్పుడు బాగా తగ్గిపోయింది. ఒంటబట్టడంలో తేడా దాదాపు ఉండదు, పెద్ద మాత్ర పట్టీ దగ్గర ఇరుక్కునే బాధ తప్ప.

మీరు వాడే మందు ఏమిటి?

అవయవ మార్పిడి అయినవాళ్లు, ఎదురుచూస్తున్నవాళ్లు ముందుగా చదవాల్సిన భాగం ఇది. టాక్రోలిమస్, సిరోలిమస్, మైకోఫినోలేట్ లాంటి మందులు బైపాస్ తర్వాత అదే స్థాయి అందుకోవడానికి ఎక్కువ మోతాదు కావాల్సి రావచ్చు. స్థాయి తగ్గితే కొత్త కిడ్నీని శరీరం తిరస్కరించవచ్చు. అందుకే చాలా మార్పిడి కేంద్రాలు స్లీవ్ వైపు మొగ్గుతాయి. ఆ మొగ్గు సబబేనని నేను నమ్ముతున్నాను.

మూర్ఛకు మందులు వాడేవారిది కూడా ఇలాంటి స్థితే. ఫెనిటోయిన్, కార్బమజెపిన్ వంటివాటి స్థాయిని రక్తపరీక్షలో కొలవవచ్చు, అది ఒక ధైర్యం. ఆపరేషన్‌కు ముందు, మూర్ఛ అదుపులో ఉన్నప్పుడు ఆ స్థాయి ఎంత ఉందో ఒకసారి కొలిపించి రాసిపెట్టుకోండి. తర్వాత వచ్చే అంకెలను దేనితో పోల్చాలో తెలియాలంటే ఈ మొదటి అంకె కావాలి.

బైపోలార్ లాంటి మానసిక రుగ్మతలకు వాడే లిథియం గురించి వేరుగా చెప్పాలి. ఇది తగ్గుతుందేమోనని భయపడతారు, నిజానికి పెరిగి విషమయ్యే ప్రమాదమే ఎక్కువ. ఆపరేషన్ తర్వాత నీళ్లు సరిగా తాగలేరు, తిండితోపాటు ఉప్పూ తగ్గుతుంది, కొందరికి వాంతులు. కిడ్నీలు అప్పుడు లిథియాన్ని పట్టి ఉంచుతాయి. చేతులు వణకడం, మాట తడబడటం, నడక తూలడం, విరేచనాలు కనిపిస్తే మరునాటి దాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. మొదటి వారాల్లో తరచూ రక్తపరీక్ష ఉండాల్సిందే. ఈ ప్రమాదం స్లీవ్ చేయించుకున్నవారికీ ఉంది, కారణం పేగు కాదు, నీళ్లు.

రక్తం పలచబడే మందుల్లో ఎంపిక నిజంగానే కష్టమైనది. వార్ఫరిన్ పాతకాలపు మందు, తరచూ పరీక్షలు చేయించుకోవాలని విసుగు. కానీ ఈ ఒక్క సందర్భంలో ఆ విసుగే రక్ష. మొదటి వారాల్లో మోతాదు అవసరం తగ్గుతుంది, నెలలు గడిచేకొద్దీ తిరిగి పెరుగుతుంది, రక్తం ఎంతసేపటికి గడ్డకడుతుందో చూపే ఐఎన్ఆర్ పరీక్ష ఆ ఎత్తుపల్లాలను ఎప్పటికప్పుడు చూపిస్తుంది. కొత్త మందులకు మామూలుగా అలాంటి కొలత ఉండదు. రివరాక్సబాన్ ప్రధానంగా పొట్టలో, పేగు పైభాగంలో ఒంటబడుతుంది, పైగా పెద్ద మోతాదులను తిండితో వేసుకోవాలి. మూడు చెంచాలు తిని ఆపేసేవారికి ఆ తిండి ఎక్కడిది? డబిగాట్రాన్‌కు ఆమ్లం కావాలి, ఆ క్యాప్సూల్‌ను విప్పి వేసుకుంటే మందు ప్రమాదకరంగా ఎక్కువగా చేరుతుంది. ఆపరేషన్ అయిన కొత్తలో రక్తం గడ్డలకు చికిత్స చేయాల్సి వస్తే కనీసం నాలుగు వారాలు ఇంజెక్షన్‌తో మొదలుపెట్టడం మంచిదని అంతర్జాతీయ థ్రాంబోసిస్, హీమోస్టాసిస్ సంఘం 2021లో సూచించింది. ఆ తర్వాత మాత్రకు మారితే రక్తంలో స్థాయి చూడమంది. మీకు బైపాస్ ఖాయమైతే, గుండె వైద్యుడితో ఈ మాట ఆపరేషన్‌కు ముందే మాట్లాడుకోండి.

థైరాయిడ్ మాత్ర రెండు వైపులా లాగుతుంది. లెవోథైరాక్సిన్ కరగడానికి ఆమ్లం కావాలి, కాబట్టి తక్కువ చేరవచ్చు. మరోపక్క బరువు తగ్గేకొద్దీ శరీరానికి కావలసిన మోతాదు కూడా తగ్గుతుంది. ఏది గెలుస్తుందో ముందే చెప్పలేం, థైరాయిడ్ పనితీరు చూపే టీఎస్‌హెచ్ రక్తపరీక్షే చెప్పాలి. అదుపు తప్పుతుంటే ద్రవరూపం, మెత్తటి జెల్ క్యాప్సూల్ రూపం అడిగి చూడండి. వాటికి ఆమ్లం అవసరం అంతగా ఉండదు.

నొప్పి మాత్రల విషయంలో మాత్రం ఆపరేషన్ల మధ్య తేడా గోడలా నిలబడుతుంది. బైపాస్, మినీ బైపాస్ అయినవాళ్లు ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, నాప్రాక్సెన్ లాంటివి జీవితాంతం మానుకోవాలి. సంచి, పేగు కలిసిన అతుకు దగ్గర పుండు పడుతుంది, రక్తం కారుతుంది, చిల్లు కూడా పడవచ్చు. కీళ్లవాతంతో ఆ మాత్రలు లేనిదే నడవలేని మనిషికి ఇది చిన్న షరతు కాదు. ఆపరేషన్ ఎంపికను తిప్పేసే షరతు. స్లీవ్‌లో ఆ అతుకు లేదు కాబట్టి ప్రమాదం తక్కువ, అయినా ధారాళంగా వాడమని కాదు. పారాసెటమాల్‌తో ఈ పుండు భయం లేదు. గుండె కోసం వాడే చిన్న మోతాదు ఆస్పిరిన్‌ను సొంతంగా ఆపకండి, దాని లాభనష్టాలు వైద్యుడు తూచాలి.

గర్భనిరోధక మాత్రల గురించి మొహమాటపడి అడగనివాళ్లు ఎక్కువ. బరువు తగ్గడంతో ఆగిపోయిన నెలసరి తిరిగి మొదలై, గర్భం వచ్చే అవకాశం పెరుగుతుంది. అదే సమయంలో మాత్ర సరిగా ఒంటబట్టకపోవచ్చు. ఆపరేషన్ తర్వాత ఏడాది, ఏడాదిన్నర దాకా గర్భం వద్దని వైద్యులు చెప్పే కాలం కూడా అదే. పేగును దాటవేసే ఆపరేషన్లయితే నోటి మాత్రలపై ఆధారపడకపోవడమే మేలని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రాల మార్గదర్శకాలు చెబుతాయి. స్లీవ్‌కు ఆ అభ్యంతరం లేదు. గర్భాశయంలో అమర్చే సాధనాలు, చేతి చర్మం కింద పెట్టే ఇంప్లాంటు ఏ ఆపరేషన్‌తోనైనా పనిచేస్తాయి, వాటికి పేగుతో పనే లేదు.

మధుమేహం, రక్తపోటు మందుల్లో భయం తలకిందులవుతుంది. రోగమే వేగంగా తగ్గడం వల్ల పాత మోతాదు ఎక్కువైపోతుంది. ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ లాంటివి మొదటి రోజుల్లోనే తగ్గించడమో ఆపడమో చేయాల్సి వస్తుంది. మూత్రం ఎక్కువ చేసే బీపీ మాత్రలు, నీళ్లు తాగలేని మనిషిని కళ్లు తిరిగి పడిపోయేలా చేస్తాయి. ఇంటి దగ్గర గ్లూకోజు, బీపీ కొలిచి రాసుకోవడం ఇక్కడ చాలా పెద్ద సాయం.

ఎముకల బలానికి వారానికోసారి వేసుకునే అలెండ్రోనేట్ మాత్ర ఏ ఆపరేషన్ తర్వాతైనా తగదు, అన్నవాహికను, సంచిని కాల్చగలదు. దాని బదులు నరం ద్వారా ఇచ్చే మందు ఉంది.

మాత్ర ఏ రూపంలో ఉంటే మేలు

ఆపరేషన్‌ను మార్చలేకపోయినా మాత్ర రూపం మార్చవచ్చు. చాలా సమస్యలు ఇక్కడే తీరతాయి.

నెమ్మదిగా విడుదలయ్యే మాత్రలకు బదులు, రోజుకు రెండు మూడు సార్లు వేసుకునే మామూలు రకం అడగండి. ముందు చెప్పిన రెండో గ్లాసులోని ముద్ద గుర్తుందా? అది కరగడానికి తగిన పొడవు పేగు, తగిన సమయం కావాలి. పూర్తిగా విడుదల కాకముందే దాటిపోతే డబ్బూ వృథా, మందూ వృథా. అన్ని నెమ్మది మందులూ విఫలమవుతాయని కాదు. కుంగుబాటుకు వాడే వెన్లాఫాక్సిన్ నెమ్మది క్యాప్సూల్ బైపాస్‌కు ముందూ తర్వాతా దాదాపు ఒకేలా ఒంటబట్టినట్టు ఒక చిన్న పరిశీలనలో తేలింది. అయినా ముందుగా మామూలు రకమే అడగడం నయం. ఒక్కటి మాత్రం ఎప్పుడూ చేయకండి, నెమ్మది మాత్రను నూరి మింగకండి. రోజంతటికీ ఉద్దేశించిన మందు ఒక్కసారిగా మీద పడుతుంది.

మొదటి కొన్ని వారాలు పెద్ద మాత్రలు దిగవు. నూరదగిన మాత్రలు నూరడం, నీళ్లలో కరిగే రకం, నమిలే రకం, సిరప్, ఇవన్నీ దారులే. సిరప్ కొనేటప్పుడు చక్కెర, తీపి కోసం కలిపే సార్బిటాల్ ఎంత ఉందో సీసా మీద చదవండి. బైపాస్ అయినవారికి అవి ఒక్కసారిగా పేగులో పడి గుండెదడ, చెమటలు, విరేచనాలు తెప్పిస్తాయి.

క్యాప్సూల్ విప్పాలా వద్దా అన్నది మందును బట్టి ఉంటుంది. డబిగాట్రాన్ విప్పకూడదని చెప్పాను. అదే బైపాస్ అతుకు దగ్గర పుండుకు వాడే ఆమ్లం తగ్గించే క్యాప్సూల్‌ను విప్పి ఇస్తే, సగంమందికి పుండు 91 రోజుల్లోపే మానిందనీ, విప్పకుండా మింగినవారిలో సగంమందికి మానడానికి 342 రోజులు పట్టిందనీ 2017లో వచ్చిన ఒక అధ్యయనం చెప్పింది. మందు అదే, రోగం అదే. ఆ పెంకు కరగడం, కరగకపోవడమే తేడా.

కాల్షియంలో కార్బొనేట్ కన్నా సిట్రేట్ మేలు, దానికి ఆమ్లం అక్కర్లేదు. ఒకేసారి 500 నుంచి 600 మిల్లీగ్రాములకు మించి వేసుకున్నా పెద్దగా ఒంటబట్టదు, అందుకే విడతలుగా వేసుకోవాలి. ఇనుముతో కలిపి వేసుకోకండి, రెండు గంటల ఎడం ఉంచండి.

ఆపరేషన్ లేకుండా ఇంజెక్షన్లు ఎంచుకుంటే

బరువు తగ్గించే సెమాగ్లుటైడ్, టిర్జెపటైడ్ ఇంజెక్షన్లు వచ్చాక, పేగు కోయించుకోనక్కర్లేదు కాబట్టి మందుల బెడద ఉండదని చాలామంది అనుకుంటున్నారు. ఆ ఊహ చాలావరకు నిజం. కానీ ఇవి పొట్ట ఖాళీ అవడాన్ని నెమ్మదింపజేస్తాయి, అంటే స్లీవ్‌కు సరిగ్గా ఎదురు దిశ. టిర్జెపటైడ్ మొదలుపెట్టిన నాలుగు వారాలు, మోతాదు పెంచిన ప్రతిసారీ నాలుగు వారాలు గర్భనిరోధక మాత్రకు తోడు మరో పద్ధతి వాడమని తయారీదారు సూచనల్లోనే ఉంది. వార్ఫరిన్ వాడేవారు ఐఎన్ఆర్ దగ్గరగా చూసుకోవాలి. ఒక్క ఊరట ఏమిటంటే ఇంజెక్షన్ మానితే ఆ ప్రభావం కొన్ని వారాల్లో పోతుంది.

నా మొగ్గు ఎటు

రక్తంలో స్థాయి కొలవలేని, వేరే రూపంలో దొరకని, తగ్గినా పెరిగినా ప్రాణాపాయమయ్యే మందు మీ చీటీలో ఒక్కటున్నా నేను స్లీవ్‌నే ముందు అడుగుతాను. కీళ్లనొప్పి మాత్రలు తప్పనివారికీ అంతే. తీవ్రమైన ఆమ్ల పైపోటు, ముదిరిన మధుమేహం ఉండి, వాడే మందులన్నీ కొలవదగినవో మార్చదగినవో అయితే బైపాస్‌కు వెనకాడను. మా అక్క విషయంలో బైపాస్ తప్పు ఎంపిక కాదు. ఆమె మందులను ఎవరూ లెక్కలోకి తీసుకోకపోవడమే తప్పు.

శస్త్రవైద్యుడి దగ్గరికి వెళ్లేముందు ఒక కాగితం మీద ప్రతి మందు పేరు, మోతాదు, వేసుకునే వేళ, ఎందుకు వాడుతున్నారు, నెమ్మది రకమా మామూలు రకమా అన్నవి రాయండి. విటమిన్లు, ఆకు మందులు, అప్పుడప్పుడు వేసుకునే నొప్పి మాత్ర కూడా రాయండి. ఆ కాగితం ఆసుపత్రి ఫార్మసిస్టుకు చూపించి, ఏది మార్చాలి, ఏది కొలవాలి, ఎప్పుడు కొలవాలి అని పక్కన రాయించుకోండి. మొదటి ఆరు నెలలు బరువు త్వరగా మారుతుంది, పేగు కూడా కొత్త దారికి అలవాటు పడుతుంది, కాబట్టి మొదటి నెలలో సరిపోయిన మోతాదు ఆరో నెలలో సరిపోకపోవచ్చు.

మా ఇంట్లో ఆ కాగితం ఇప్పుడు వంటింటి తలుపు వెనక అంటించి ఉంది. ఉదయం ఆరుకు థైరాయిడ్, మంచినీళ్లతో మాత్రమే. ఎనిమిదికి సెర్ట్రలిన్. పదికి మొదటి కాల్షియం, థైరాయిడ్ వేసుకుని నాలుగు గంటలు గడిచాక. ఒంటిగంటకు ఇనుము. నాలుగుకు రెండో కాల్షియం, రాత్రి తొమ్మిదికి మూడోది. కింద అక్క చేతిరాతతో ఇంకో వరుస ఉంది: "ఈ వారం ఏడుపు వచ్చిందా? ఎన్నిసార్లు?" మానసిక వైద్యురాలు ఆ గళ్లు నింపమన్నారు. నిన్నటి దాకా నాలుగు వారాలుగా అందులో సున్నాలే ఉన్నాయి.